మీ వస్తువును మీకంటే ముందే తయారుచేసుకున్నవాళ్లను పరిచయాల ద్వారా వెతకడం ఎలా

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖాదీకి నూలు వడికే స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ దవడలో దువ్వెనలాగా ఉండే సన్నటి పళ్ల వరుస చేసే పనిని చూసినవారెవరైనా, దీన్ని మొదట కనిపెట్టింది పత్తితో పొద్దస్తమానం పనిచేసిన చేతులేనని ఒప్పుకుంటారు. కొత్త పనిముట్టు గాని, కొత్త వస్తువు గాని తయారుచేసి అమ్మాలనుకునే చిన్న పరిశ్రమల వారికి నేను చెప్పదలచుకున్న విషయం ఇక్కడే మొదలవుతుంది. మీరు తయారుచేయబోయే వస్తువు ముతక రూపం ఇప్పటికే ఎవరో ఒకరి ఇంట్లో, తాడుతోనో రబ్బరుతోనో కట్టి, పనిచేస్తూ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ మనిషి మీకు తెలియకపోవచ్చు గాని, మీకు తెలిసినవారికి తెలిసినవారికి తప్పకుండా తెలిసి ఉంటుంది. ఆ మనిషి దాకా చేరే దారిని అంచెలంచెలుగా చెప్పడమే ఈ వ్యాసం పని.

నేను విజయనగరంలో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. జీడిపిక్కలు కోసే చేతి మిషన్ చేయాలనుకున్న మొదటిసారి, పలాస కాశీబుగ్గల్లో కొనేవారిని, అంటే యజమానులను అడిగాను. అందరూ వేగం కావాలన్నారు. వేగంగా కోసే మిషన్ చేసి ఇచ్చాను. దాని ముందు కూర్చున్న స్త్రీలు వారం తిరగకుండానే పాత మిషన్లకు వెళ్లిపోయారు, ఎందుకంటే వేగం పెరిగిన కొద్దీ గుండ్లు, అంటే విరగని పూర్తి పప్పులు, విరిగి బద్దలయ్యాయి, బద్దలు పెరిగితే వాళ్ల కూలి తగ్గింది. అప్పటికి చాలాకాలం ముందే, ఆ మిషన్లు వెనక్కి వచ్చిన ఊరికి దగ్గరలోనే ఒకామె అదే సమస్యకు సొంతంగా పరిష్కారం చేసుకుని రోజూ వాడుకుంటున్నదని నాకు మరుసటి ఏడాది తెలిసింది. నేను అడగాల్సినవారిని అడగలేదు. తర్వాత చేసిన ప్రతి పనిముట్టుకూ నేను పాటించిన పద్ధతినే, జీడి మిషన్‌ను ఉదాహరణగా పెట్టుకుని, ఇక్కడ వివరిస్తున్నాను.

ఎవరిని వెతుకుతున్నామో ముందు తేల్చుకోవాలి

అమెరికాలోని ఎంఐటీలో ఆచార్యుడైన ఎరిక్ వాన్ హిప్పెల్ ఇలాంటి వారిని లీడ్ యూజర్లు అని 1986లో నిర్వచించారు. వారికి రెండు లక్షణాలుంటాయి. మిగతా అందరికీ రేపో మాపో రాబోయే అవసరం వారికి నెలల ముందో, ఏళ్ల ముందో ఎదురవుతుంది. ఆ అవసరం తీరితే వారికి కలిగే లాభం మామూలు వారికి కలిగేదానికంటే చాలా పెద్దది కాబట్టి, వారు ఎవరో చేసి అమ్మేదాకా ఆగలేరు, తామే ఏదో ఒకటి చేసుకుంటారు. అంతకు 10 ఏళ్ల ముందే, 1976లో, ఆయన శాస్త్రీయ పరికరాల మీద చేసిన పరిశీలనలో, వాడేవారికి నిజంగా ఉపయోగపడ్డ మెరుగుదలల్లో నూటికి దాదాపు 80 వాడేవారే మొదట తయారుచేసి పరీక్షించినవని తేలింది. మన తెలుగునేల మీదే చూస్తే, పోచంపల్లి చీరలకు ఆసు పోసే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టే, తల్లి భుజాల నొప్పిని చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పుట్టింది ఆసు పోసే ఇంట్లోనే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ముందున్నవాళ్లు అంటే పనిలో అందరికంటే నేర్పరులని అనుకుంటారు. నా అనుభవంలో ఇది తరచుగా తప్పు. గంటకు అందరికంటే ఎక్కువ పిక్కలు కోసే స్త్రీకి పాత మిషన్‌తో ఇబ్బందే లేదు, ఆమె చేతివాటమే ఆమెకు పరిష్కారం. ఉపాయం చేసుకునేది మణికట్టు నొప్పితో కూడా పని మానలేని మనిషి, జీడి రసానికి చర్మం తొందరగా పొక్కే మనిషి, ఒక చెయ్యి సరిగా లేచి రాని మనిషి. పని మానేస్తే ఇల్లు గడవదు, మానకపోతే చెయ్యి ఉండదు అన్న స్థితిలో ఉన్నవారే కొత్త దారి వెతుకుతారు. మీరు వెతకవలసింది వారిని.

మొదటి మెట్టు: వస్తువును పక్కన పెట్టి అవసరాన్ని ఒక్క వాక్యంలో రాయాలి

"మంచి జీడి మిషన్" అని రాసుకుంటే వెతుకులాట ముందుకు సాగదు. పిక్కను వంపు తిరిగిన రెండు కత్తుల మధ్య పెట్టి పిడి నొక్కితే పెంకు తెగుతుంది, పిడిని కాస్త తిప్పితే పెంకు విచ్చుకుంటుంది, లోపలి పప్పును చేత్తో తీస్తారు. ఈ పనిలో ఎక్కడ నష్టం జరుగుతోందో విడదీసి చూస్తే రెండు వాక్యాలు వస్తాయి. ఒకటి, పెంకు తెగాలి గాని లోపలి గుండుకు కత్తి తగలకూడదు. రెండు, పెంకులోని జీడి రసం చేతికి అంటకూడదు. ఇవి రెండూ వేర్వేరు అవసరాలు, వీటిలో ముందున్న మనుషులు కూడా వేర్వేరు చోట్ల ఉంటారు, కాబట్టి రెండు వెతుకులాటలు విడివిడిగా నడపాలి. ఆ వాక్యంలో మీ పరిష్కారం దొంగచాటుగా దూరకుండా చూసుకోవాలి. "చేతికి మెరుగైన గ్లౌజు కావాలి" అని రాస్తే గ్లౌజు చేసేవారే దొరుకుతారు, చెయ్యి అసలు పెంకును తాకకుండా చేసుకున్న మనిషి దొరకదు.

రెండో మెట్టు: పరిచయాలను దగ్గర, దూరం అని విడదీయాలి

ఒక నోటుపుస్తకం తీసుకుని, మీ అవసరానికి ఏ మూలనైనా సంబంధం ఉన్నవారి పేర్లన్నీ రాయండి. తర్వాత ప్రతి పేరు పక్కన, ఆ మనిషితో నెలకు ఎన్నిసార్లు మాట్లాడతారో వేయండి. మొదట తక్కువ సార్లు మాట్లాడేవారికే ఫోన్ చేయాలి.

ఇది విడ్డూరంగా అనిపించవచ్చు, అందుకే కారణం చెబుతాను. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త 1973లో, అమెరికాలో పరిచయస్థుల ద్వారా ఉద్యోగం సంపాదించుకున్నవారిని, ఆ పరిచయస్థుడిని ఎంత తరచుగా కలిసేవారో అడిగి రాశారు. తరచుగా కలిసేవారి ద్వారా ఉద్యోగం దొరికినవారు నూటికి 17 మంది కూడా లేరు. అప్పుడప్పుడూ కలిసేవారి ద్వారా 55 మందికి పైగా, ఎప్పుడో గాని కలవనివారి ద్వారా దాదాపు 28 మంది ఉద్యోగాలు పొందారు. దగ్గరివారికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త వార్త దూరపువారి దగ్గరే ఉంటుంది. మన జిల్లాల్లో ఈ మాట మరింత వర్తిస్తుంది. మనకు ఫోన్ చేయడానికి సులువైనవారు మన చుట్టాలు, మన వీధివారు, మన కులంవారు. వారిని అడిగితే వారూ తమవారినే చెబుతారు, నాలుగు పేర్లు తిరిగి తిరిగి మన ఇంటి గుమ్మానికే వస్తాయి. జీడి కోసే స్త్రీలు ఉండే వీధిలో మనకు చుట్టాలు లేకపోతే ఆ గొలుసు ఏనాటికీ అక్కడికి చేరదు.

మరి దూరపువారిలో ఎవరు? ఒక పనిలో ఉన్న అనేక ఇళ్లకు, అనేక ఊళ్లకు తిరిగే మనుషులు. పిక్కల బస్తాలు వేసుకుని, శ్రీకాకుళం జిల్లాలో జీడితోటలుండే ఉద్దానం ఊళ్లన్నీ తిరిగే ఆటో డ్రైవరు, పిక్కలు కొనే కమిషన్ వ్యాపారి, మిషన్లు రిపేరు చేసే మెకానిక్, డ్వాక్రా సంఘం లీడరు ఇలాంటివారు. ఇళ్లకు వెళ్లి ఆరోగ్యం విచారించే ఆశా కార్యకర్తకు ఎవరి చేతులు నల్లబడి పొక్కాయో, ఎవరి చేతులు అదే పనిలో ఉండి కూడా శుభ్రంగా ఉన్నాయో చూసిన అనుభవం ఉంటుంది. ఆమె మీకు ఎవరి ఆరోగ్య సంగతులూ చెప్పనక్కరలేదు, మీరు అడగకూడదు కూడా. "చెయ్యి పాడవకుండా పని చేసుకుంటున్నవారు ఎవరైనా ఉంటే, వారికి ఇష్టమైతే, నన్ను కలవమని చెప్పండి" అని అడిగితే చాలు.

వీరందరికంటే నేను ఎక్కువ నమ్మేది వెల్డింగ్ షాపునూ, కొలిమినీ. వాడుకునే మనిషి తన పనిముట్టును మార్చుకోవాలనుకున్న రోజున, ఇంట్లో చేసుకోలేని పనికి, తప్పకుండా అక్కడికే వస్తుంది. "ఈ పిడి రెండంగుళాలు పొడుగు చెయ్యి", "ఇక్కడ ఒక మేకు అతికించు" అని అడిగినవారందరినీ వెల్డర్ చూసి ఉంటాడు. వారిలో సగం మంది ఎందుకు అడిగారో అతనికి గుర్తుంటుంది. ఒక మండలంలో ఉన్న వెల్డింగ్ షాపులన్నీ ఒక రోజులో తిరగవచ్చు. ఒక్కో చోట టీ తాగుతూ పావుగంట కూర్చుని, "మిషన్‌కు వింత మార్పులు చేయించుకున్నవాళ్లు ఎవరైనా వచ్చారా" అని అడగండి. నాకు దొరికిన మంచి పేర్లలో ఎక్కువ భాగం ఇలా వచ్చినవే.

మూడో మెట్టు: అడిగే ప్రశ్న

ఈ పద్ధతి మొత్తం ఒక ప్రశ్న మీద నిలబడి ఉంది, కాబట్టి దాన్ని మాటకు మాట రాసి పెట్టుకోండి: "ఈ పనిలో మీకంటే ఎక్కువ ఇబ్బంది పడి, దానికి సొంతంగా ఏదైనా ఉపాయం చేసుకున్నవాళ్లు మీకు తెలిసినవారిలో ఎవరున్నారు?"

"మీకేం కావాలి" అని అడిగితే మార్కెట్లో ఉన్నదానికే కొంచెం చవకా, కొంచెం వేగం కలిపి చెబుతారు. "ఈ పని ఎవరు బాగా చేస్తారు" అని అడిగితే చేతివాటం ఉన్నవారి పేరు చెబుతారు. పైన రాసిన ప్రశ్నలో "మీకంటే" అన్న మాటను వదలకూడదు. ఒక విషయం మీద నిజంగా శ్రద్ధ ఉన్నవారికి, ఆ విషయంలో తమకంటే ముందున్నవారెవరో తెలిసే ఉంటుంది, ఎందుకంటే వారు ఎప్పుడో ఒకప్పుడు వారిని వెతుక్కుంటూ వెళ్లి ఉంటారు. అందుకే ఒక్కో మనిషి తనకంటే ఒక మెట్టు పైన ఉన్న మనిషిని చూపిస్తూ పోతే, గోపురం మెట్లెక్కినట్టు, కొద్ది మందితోనే శిఖరం దగ్గరికి చేరతాము. ఈ పద్ధతికి పరిశోధకులు పిరమిడింగ్ అని పేరు పెట్టారు. వాన్ హిప్పెల్, నికొలాస్ ఫ్రాంకె, రైన్‌హార్డ్ ప్రూగల్ 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక గుంపులో అందరికంటే తగిన మనిషిని పట్టుకోవడానికి, గుంపులోని అందరినీ వడపోసే పద్ధతితో పోలిస్తే ఈ పద్ధతికి సగటున మూడో వంతు కంటే తక్కువ శ్రమ సరిపోయింది.

ప్రశ్న తర్వాత ఇంకొకటి తప్పకుండా అడగాలి: "మీ పేరు చెప్పి వాళ్లను కలవవచ్చా?" మన ఊళ్లలో ముక్కూమొహం తెలియని మగమనిషి వచ్చి, ఇంట్లో జీడి కోసుకుంటున్న స్త్రీని మిషన్ చూపించమంటే ఎవరు చూపిస్తారు, ఎందుకు చూపించాలి? పంపినవారే ముందుగా ఫోన్ చేసి చెబితే మాట వేరుగా ఉంటుంది. సాధ్యమైతే మీతో ఒక స్త్రీని తీసుకువెళ్లండి. ఈ పనిలో నా వెంట మా వర్క్‌షాపు లెక్కలు చూసే అమ్మాయి వస్తుంది, ఆమె అడిగితే దొరికే జవాబులు నేను అడిగితే దొరికేవాటికంటే ఎప్పుడూ పొడుగ్గా ఉంటాయి.

నాలుగో మెట్టు: గొలుసును రాసుకుంటూ పోవడం

ఎవరు, ఎవరిని, ఏ కారణం చెప్పి సూచించారో నోటుపుస్తకంలో రాయాలి. కారణం రాయకపోతే నెల తర్వాత పేర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకే చోట నుంచి మొదలుపెట్టకుండా, ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు నాలుగు చోట్ల నుంచి గొలుసులు మొదలుపెట్టండి. వేర్వేరు గొలుసులు ఒకే మనిషి దగ్గరికి వచ్చి ఆగితే వెతుకులాట పక్వానికి వచ్చినట్టు. ఒక్క గొలుసు మాత్రమే ఒకరిని గొప్పగా చెబుతుంటే తొందరపడకండి.

ఐదో మెట్టు: పక్క రంగాలకు దాటడం

అన్నిటికంటే విలువైన పేర్లు చాలాసార్లు మన రంగంలో ఉండవు. శస్త్రచికిత్సలో అంటువ్యాధులు సోకకుండా కాపాడే వస్త్రాల మీద అమెరికాకు చెందిన 3ఎం సంస్థ 1990లలో పనిచేసినప్పుడు, మనుషుల ఆసుపత్రులతో ఆగకుండా పశువుల ఆసుపత్రులకు వెళ్లింది. అక్కడి రోగులకు ఒంటినిండా బొచ్చు, స్నానం ఉండదు, ఖర్చు పెట్టడానికి బీమా ఉండదు. ఆ ఇబ్బందుల మధ్య కూడా అంటువ్యాధులను అదుపులో పెడుతున్నవారి దగ్గర నేర్చుకోవలసింది ఉంటుందని వారి లెక్క. చర్మానికి హాని లేకుండా వస్తువులను అతికించడం తెలిసిన హాలీవుడ్ మేకప్ నిపుణుడిని కూడా పిలిచారు.

మన ఉదాహరణకు వద్దాం. జీడి రసం చేతికి అంటకూడదన్నది మన అవసరం. ఇదే అవసరం ఇంకా తీవ్రంగా ఎవరికి ఉంది? నల్లజీడితో పనిచేసేవారికి. జీడిమామిడి, నల్లజీడి ఒకే కుటుంబానికి చెందిన చెట్లు, నల్లజీడి రసం చర్మం మీద మరింత కఠినం. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టడానికి తరతరాలుగా దాన్నే వాడారు. ఆయుర్వేదంలో దీన్ని భల్లాతకం అంటారు. మందుగా వాడేముందు దాన్ని శుద్ధి చేసేవారు కాయలను ఇటుక పొడిలో వేసి రుద్దుతారు, పొడి రసాన్ని పీల్చుకుంటుంది. జీడి కోసే స్త్రీలు చేతికి బూడిదో ఆముదమో రాసుకోవడం అందరికీ తెలిసిందే, కాని ఇక్కడ ఆలోచన వేరు. రసాన్ని చేతి దగ్గర ఆపడం కాకుండా, కాయ దగ్గరే ఏదో ఒకటి పీల్చుకునేలా చేయడం. ఈ తేడా నాకు ఒక వైద్యుడితో అరగంట మాట్లాడితే తట్టింది. అంతకుముందు ఏడాది పాటు గ్లౌజుల గురించి ఆలోచించినా తట్టలేదు. పనసకాయ కోసే ముందు చేతికి నూనె రాసుకునే అలవాటు మన ప్రతి ఇంట్లో ఉంది, కాబట్టి పనస పండే ఉద్దానంలో కాయలు కుప్పలుగా కోసేవారు కూడా ఈ జాబితాలోకి వస్తారు.

పక్క రంగానికి దారి కూడా పరిచయాల గుండానే ఉంటుంది. గొలుసులో పైమెట్టు మీద ఉన్నవారిని, "మన పని కాకపోయినా, ఇలాంటి ఇబ్బందే ఇంకా ఎక్కువగా ఉండే పని ఏదైనా మీకు తెలుసా" అని అడగండి. కింది మెట్ల మీద ఉన్నవారికి ఈ ప్రశ్న అర్థం కాకపోవచ్చు, పైమెట్టు వారికి వెంటనే అర్థమవుతుంది.

ఆరో మెట్టు: పని జరిగే వేళ, పని జరిగే చోట చూడడం

ఫోన్‌లో విన్నదాన్ని నమ్మి డ్రాయింగ్ గీయకండి. మొదట్లో చెప్పిన ఆమె దగ్గరికి నేను వెళ్లినప్పుడు, "మీరు చేసుకున్న ఉపాయం చూపిస్తారా అప్పా" అని అడిగితే, "నాదేటి ఉపాయం బాబూ, అందరిలాగే కోస్తన్నాను" అన్నారు. అది వినయం కాదు, ఆమెకు నిజంగానే అది ఉపాయంగా కనిపించలేదు. అరగంట పక్కన కూర్చుని చూస్తే గాని నాకూ కనిపించలేదు. కింది కత్తి పక్కన, పిడి వచ్చి ఆగే చోట, పాత సైకిలు ట్యూబు ముక్కను మడతపెట్టి పురికొసతో కట్టారు. పిడి ఎంత గట్టిగా నొక్కినా ట్యూబు దగ్గర ఆగిపోతుంది, కత్తి పెంకును దాటి లోపలికి పోదు. పెద్ద పిక్కల బస్తా విప్పినప్పుడు మూడు మడతలు, చిన్న పిక్కలకు ఒక మడత. బస్తా మారినప్పుడల్లా ముందు పది పిక్కలు కోసి, ఒక్క గుండుకు కత్తి గాటు పడినా ఆగి, మడత సర్దుకుని, మళ్లీ మొదలుపెట్టేవారు. మిషన్‌కు స్క్రూతో సర్దుకునే ఆపు ఒకటి ఉండాలన్న ఆలోచన, అదీ ఎంత మేర సర్దుకోవాలన్న కొలతతో సహా, ఆ ట్యూబు మడతల్లోనే ఉంది.

చూసేటప్పుడు మూడు సంగతులు గమనించాలి. ఆ ఉపాయాన్ని రోజూ వాడుతున్నారా, మీరు వచ్చారని చూపిస్తున్నారా? పక్కింటివారు దాన్ని చూసి తామూ చేసుకున్నారా? చేసుకోకపోతే ఎందుకు చేసుకోలేదు? మూడో ప్రశ్నకు జవాబులో తరచుగా మీ వస్తువు అసలు రూపం దొరుకుతుంది. ట్యూబును పక్కింటివారు ఎందుకు కట్టుకోలేదంటే, మడతలు మార్చడానికి పురికొస విప్పి కట్టాలి, జీడి అంటిన చేతులతో ముడి రాదు.

ఏడో మెట్టు: అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం

వెతికి పట్టుకున్న నలుగురైదుగురిని, పక్క రంగం నుంచి వచ్చిన ఒకరిద్దరిని, మీ వర్క్‌షాపులో ఒక రోజంతా కూర్చోబెట్టండి. ఆ రోజు కూలి, దారి ఖర్చు, భోజనం మీవే. సీజనులో పిలవకండి. మాటలతో సరిపెట్టకుండా ఇనుము, రబ్బరు, వెదురు, అట్టలు ముందు పెట్టి చేతులతోనే చేయించండి. వీలైతే ఆ రోజే ఒక ముతక నమూనా తయారుచేసి, వారం లోపు వారికే వాడమని ఇవ్వండి. ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి 3ఎం సంస్థలోనే జరిగిన ఒక పరిశీలన ఉంది. 2002లో ప్రచురితమైన ఆ లెక్కల ప్రకారం, ఇలా ముందున్నవారితో కలిసి రూపొందించిన వస్తువులకు ఐదో ఏడాదికి అంచనా వేసిన అమ్మకాలు, మామూలు పద్ధతిలో రూపొందించినవాటికంటే ఎనిమిది రెట్లు ఎక్కువ.

ఎనిమిదో మెట్టు: ఆలోచన ఎవరిదో వారికి దక్కవలసింది

దీన్ని చివర రాసినా, మొదటి రోజునే తేల్చుకోవలసిన విషయం ఇది. ట్యూబు కట్టుకున్న ఆమెకు తన ఉపాయం విలువ తెలియదు కాబట్టి తీసుకుపోవచ్చు అనుకునేవారిని నేను చూశాను. నాకు అది దొంగతనంగానే కనిపిస్తుంది. డ్రాయింగ్ గీసే ముందే, ఎవరి నుంచి ఏమి తీసుకుంటున్నారో, వస్తువు అమ్ముడైతే ఎంత ఇస్తారో తెలుగులో ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, వారి ఇంటివారి ఎదుట సంతకాలు చేయండి. ఒక్కసారి ఇచ్చే మొత్తం కంటే, అమ్మిన ప్రతి మిషన్ మీద ఇంత అని ఇవ్వడం నాకు న్యాయంగా అనిపిస్తుంది. కొత్తదనం నిజంగా ఉందనుకుంటే, పేటెంటుకు దరఖాస్తు చేసే ముందు ప్రదర్శనల్లో పెట్టడం, వీడియోలు తీసి అందరికీ పంపడం చేయకూడదు. బయటపడిన తర్వాత కొత్తదనం కింద లెక్కకు రాకుండా పోయే ప్రమాదం ఉంది. ఇలా ఊళ్లలో పుట్టిన ఆలోచనలకు పేటెంటు దరఖాస్తుల దాకా సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం కింద నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ 2000 నుంచి పనిచేస్తోంది. దరఖాస్తులో కనిపెట్టినవారి పేరు వారిదే ఉండాలి.

ఇక గొలుసులో మీకు దారి చూపిన ప్రతి ఒక్కరికీ, ఫలితం రాని గొలుసుల్లోని వారికి కూడా, ఏమైందో ఫోన్ చేసి చెప్పండి. "మీరు చెప్పిన మనిషి దగ్గర ఇది దొరికింది, దాంతో ఇది చేశాం" అన్న రెండు వాక్యాలు చాలు. వెల్డర్‌కు మాత్రం వెళ్లి మిషన్ చూపించండి, దాన్ని తిప్పి చూసి ఇంకో ఇద్దరి పేర్లు చెబుతాడు. జీడిపిక్కలు మార్చి నుంచి రావడం మొదలవుతాయి, కాబట్టి ఈ సీజనులో పని జరుగుతుండగా చూడాలనుకునేవారు సంక్రాంతి వెళ్లగానే మొదటి ఫోన్లు మొదలుపెట్టాలి.